తన కోసం తాను అడక్కూడదు

మా శుక్రవారం కూటంలో ఒక నియమం ఉంది. ఎవరూ తమ కోసం తాము ప్రార్థన కోరకూడదు. నీ మోకాలి నొప్పి సంగతి నువ్వు చెప్పకూడదు, నీ పక్కన చాప మీద కూర్చున్నావిడ చెప్పాలి. నీ కొడుకు పరీక్ష పాసవ్వాలంటే ఆ మాట ఇంకొకరి నోట రావాలి.

ఈ నియమం పెట్టింది మామ్మగారు. ఆవిడ మాకు బంధువు కారు. భిలాయిలో మా తెలుగు విశ్వాసులందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. భర్త రైల్వేలో గార్డుగా పనిచేసి పోయారు. ఆవిడ సెక్టర్ 2లో కొడుకు క్వార్టర్లో ఉంటూ, శుక్రవారం సాయంత్రాలు తెల్లచీర కట్టుకుని, రిక్షాలో ఏ ఇంట్లో కూటం ఉంటే ఆ ఇంటికి వచ్చేవారు.

"మీకేటి కావాలో మీకన్నా ప్రభువుకే బాగా తెలుసు. మీరు పక్కవోళ్ళ సంగతి చూసుకోండి," అనేవారు. "ఎవులి గిన్ని ఆళ్ళు పట్టుకుని నిల్చుంటే అది కూటం కాదు, రేషన్ షాపు."

అందరూ నవ్వేవారు. ఆ మాట నాకూ నచ్చేది. మా కూటానికి వచ్చేవాళ్ళు పదిపన్నెండు కుటుంబాలు, ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు ప్లాంటు ఉద్యోగాలకు వచ్చినవాళ్ళు. ఫస్ట్ షిఫ్ట్ వాళ్ళు ఇంటికొచ్చి, స్నానం చేసి, టీ తాగి వచ్చేసరికి ఐదయ్యేది. మొక్కల హెడ్జి పక్కన సైకిళ్ళ వరస, మెట్ల మీద చెప్పులు, ముందుగదిలో చాపలు. పాట అయ్యాక ఒక్కొక్కరూ ఇంకొకరి అవసరం చెప్పేవారు. తన మాట తాను చెప్పుకోలేని మనిషికి ఇంతకన్నా మంచి చోటు ఉండదని చాలాకాలం అనుకున్నాను. నేను అలాంటి మనిషినే.

విన్నపాలు రాసే పుస్తకం నా చేతికి వచ్చింది పదో తరగతిలో ఉండగా. అంతకుముందు రాసే అంకుల్‌కి బదిలీ అయింది. నా ఈడు పిల్లలంతా ఇక్కడ పుట్టినవాళ్ళు. ఇంట్లో కూడా హిందీయే మాట్లాడతారు, తెలుగు బైబిలు చదవమంటే అక్షరానికో నిట్టూర్పు. నాకు తెలుగు నాన్న నేర్పారు. ఆయన ఎక్కడినుంచో పాత తెలుగు వారపత్రికలు తెచ్చేవారు, కొన్నిటికి అట్టలుండేవి కాదు. నేను వాటిని చివరి పేజీలోని ప్రకటనలతో సహా చదివేదాన్ని.

"మా పిల్ల రాస్తాదండి, దాని తెలుగు బాగుంటాది," అని అమ్మ అంది. అమ్మ నాకోసం కూటంలో మాట్లాడటం అదే మొదలు. నేను వంటింటి తలుపు కర్టెన్ వెనక ఉన్నాను.

"ఒలే, ఆ కర్టెను ఎనకాల ఉన్న గుంటా, ఇలా రా," అన్నారు మామ్మగారు. "దేవుడికి కనిపిస్తావులే గాని, మాకూ కనిపించాల గదా."

అలా రాయడం మొదలుపెట్టాను. పొడుగాటి నోటు పుస్తకంలో నాలుగు గళ్ళు గీశాను: ఎవరి కోసం, ఏమిటి, ఎవరు అడిగారు, జవాబు. జవాబు వస్తే ఆ గడిలో ఎర్రసిరాతో తేదీ వెయ్యాలి. శుక్రవారం రాసినవన్నీ పైకి చదివి, మిగతా వారమంతా రోజూ ప్రార్థించాలి. ఆ 'రోజూ' అన్న మాటను మిగతావాళ్ళు ఎంత పాటించారో నాకు తెలియదు. నేను పాటించాను.

నాన్న ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పనిచేస్తారు. ఫస్ట్ షిఫ్ట్ ఉన్న వారాల్లో ఆయన సైకిల్ తీసుకుని గేటు దాటగానే, అమ్మ బొగ్గుల సిగిడీ రాజేస్తూ ఉండగా, నేను లోపలిగదిలో ట్రంకుపెట్టె ముందు మోకరించేదాన్ని. పుస్తకం తెరవక్కర్లేదు. మనసులో వీధుల వెంట నడిచేదాన్ని. మా వీధి చివర నుంచి మొదలుపెట్టి, ఒక్కో క్వార్టర్ ముందు ఆగి, ఆ ఇంట్లో ఎవరికి ఏం కావాలో చెప్పి, తర్వాతి ఇంటికి వెళ్ళేదాన్ని. మా సెక్టర్ 6 అయ్యాక సెక్టర్ 2. నిజంగా ఆ ఇళ్ళ ముందు నుంచి వెళ్ళాల్సివస్తే ఎవరైనా పిలుస్తారేమోనని తల వంచుకుని వేగంగా నడిచే పిల్లని. తెల్లవారుజామున మాత్రం అందరి గుమ్మాల్లోకీ వెళ్ళేదాన్ని. మనుషులతో మాట్లాడలేకపోయినా, వాళ్ళ గురించి ఎంతసేపైనా మాట్లాడగలిగేదాన్ని. దాన్నే ప్రేమ అనుకున్నాను. కొంత ప్రేమే కూడా.

నా వీధుల్లో అన్నిటికన్నా ఎక్కువసేపు ఆగే ఇల్లు మా ఎదురు క్వార్టర్. ఆ ఇంటి పిన్ని బట్టలు కుట్టేది. ఆవిడ భర్తకు రాజహరా గనుల్లో డ్యూటీ పడింది. నెలకోసారి శనివారం వచ్చి ఆదివారం వెళ్ళిపోయేవాడు. పిన్ని వరండాలో మిషన్ దగ్గర కూర్చుంటే, కాలేజీ నుంచి వచ్చి నేను ఆ మెట్ల మీద పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. మాట్లాడమని అడిగేది కాదు. అప్పుడప్పుడు మాత్రం, "ఇప్పుడేటైంది కథలో?" అనేది దారం కొరుకుతూ. నేను చెబితే వింటూ మిషన్ తొక్కేది.

ఆవిడ కోసం కూటంలో అడిగింది అమ్మే. "పాపం, ఒక్కర్తీ ఉంటంది. ఆయనకి రాజహరా నుంచి ఇక్కడికి బదిలీ అయిపోవాలి." పిన్ని తల వంచుకుంది. సిగ్గనుకున్నాం. నేను రాశాను. రెండేళ్ళు, ఒక్క రోజు తప్పకుండా, ఆ బదిలీ కోసం ప్రార్థించాను. ఆవిడంటే ఇష్టం కాబట్టి మిగతావాళ్ళకన్నా గట్టిగా అడిగాను.

బదిలీ అయింది. కూటమంతా సంతోషించింది. "లెగమ్మా, లెగిసి సాక్ష్యం చెప్పు," అన్నారు మామ్మగారు. పిన్ని లేచి నిలబడి, "దేవునికి స్తోత్రం," అని కూర్చుంది. నేను ఎర్రసిరాతో తేదీ వేసి, కింద గీత కూడా గీశాను.

నెల తిరక్కుండా మిషన్ చప్పుడు ఆగిపోయింది. తన పెళ్ళాం ఊళ్ళోవాళ్ళ జాకెట్లు కుట్టక్కర్లేదని ఆయన మిషన్‌కి గుడ్డ కప్పించాడు. వీధివైపు కిటికీ మూతపడింది. భోజనాల వేళ ఒకసారి స్టీలు పళ్ళెం గోడకు తగిలిన చప్పుడు మా ఇంట్లోకి వినిపించింది. నాన్న ముద్ద చేతిలో పట్టుకుని కొంచెంసేపు ఆగి, మళ్ళీ తిన్నారు.

ఒక మధ్యాహ్నం, ఆయన డ్యూటీకి వెళ్ళాక, పిన్ని హెడ్జి మీంచి నన్ను పిలిచింది.

"ఆ పుస్తకంలో నా సంగతి ఇంకా ఉందా?"

"ఉంది పిన్నీ."

"జవాబొచ్చిందని రాసేవా?"

"రాశాను."

"ఎర్ర సిరాతోనా?"

"అవును."

పిన్ని నవ్వింది. నవ్వుతూనే చెప్పింది. "రెండేళ్ళు ఈ ఇంట్లో కిటికీ తీసుకుని కూకున్నాను. నా కాఫీ నేను తాగేను. ఆయన్ని తెచ్చీయమని నేనెవుల్ని అడిగేను? నీకేటి కావాలే అని నన్నొక్కలైనా అడిగేరా?"

"మీరు కాదనలేదు కదా పిన్నీ."

"ఎలాగంటాను? నాకోసం నేను మాటాడకూడదు గదా." చెంగుతో చేతులు తుడుచుకుంది. అవి తడిగా లేవు. "నువ్వు ప్రార్థన బాగా చేస్తావమ్మా. ఇకమీద నాకోసం చెయ్యకు. దండం పెడతాను."

ఆ రోజు డైరీలో తేదీ రాసి, మిగతా పేజీ ఖాళీగా వదిలేశాను. ఆ తర్వాత కూడా తెల్లవారుజామున మోకరించాను. అలవాటు మానలేదు. కానీ మనసులో ఏ గుమ్మం ముందు ఆగినా నోరు పెగలలేదు. ఇన్నేళ్ళూ తలుపు కొట్టకుండా ఇళ్ళలోకి దూరి, వాళ్ళ సామాను నాకు తోచినట్టు సర్దేసి వచ్చానేమో అనిపించింది. మామ్మగారికి చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. ఎవరికైనా ఏదైనా చెప్పడం నాకు ఎప్పుడూ రేపటి పనే.

డిగ్రీ అయిపోయిన వేసవిలో నా వంతు వచ్చింది.

మా సెక్టర్ లైబ్రరీలో తెలుగుకు ఒకే బీరువా ఉంది. బడి రోజుల నుంచి వెళ్ళేదాన్ని. చిరిగిన అట్టలు చూడలేక, ఇంటి నుంచి మైదా పేస్టు చేసి తీసుకెళ్ళి అతికించేదాన్ని. అక్కడి లైబ్రేరియన్‌ది దుర్గ్ వైపు పల్లె. ఒకరోజు ఆయన నేను అతికించిన పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి, ఈ పని నాకన్నా నువ్వే బాగా చేస్తున్నావు బేటీ, రాయపూర్‌లో లైబ్రరీ కోర్సు ఒక్క సంవత్సరమే, వెళ్ళి చదువుకో, అన్నారు హిందీలో. ఊరికే అని ఊరుకోలేదు, వారం తర్వాత దరఖాస్తు ఫారం తెప్పించి ఇచ్చారు.

అంతవరకు నాకు కావాలనిపించినవన్నీ బీరువాలోంచి తీసుకుని మళ్ళీ తిరిగిచ్చేవే. ఇచ్చెయ్యక్కర్లేనిది కావాలనిపించడం అదే మొదటిసారి. తండ్రి సంతకం కావాలి. గడువుకు ఐదారు వారాలుంది.

నాన్న డ్యూటీ నుంచి వచ్చి మెట్ల మీద కూర్చుని, చెవుల్లో బొగ్గుపొడి అలాగే ఉండగా, స్టీలు గ్లాసులో టీ తాగుతూ ఫారం రెండుసార్లు చదివారు. "మంచిదే," అన్నారు. "ఈ శుక్రవారం కూటం అవనీ. ఎవరి చేతైనా అడిగిద్దాం. అప్పుడు పెడతాను సంతకం." మా ఇంట్లో ఏ పెద్ద పనైనా అలాగే జరుగుతుంది. ముందు కూటం, తర్వాత సంతకం.

ఆ శుక్రవారం అమ్మ ఎవరి చెవిలోనూ మాట వెయ్యకముందే మామ్మగారు నావైపు తిరిగారు.

"ఈ రాసే పిల్లకోసం మనం ఎప్పుడూ ఏటీ అడగలేదర్రా. మనందరివీ రాస్తాది. పుస్తకంలో దాని పేరు మట్టుకు లేదు."

చాప మీద అందరూ అయ్యో అనుకున్నారు. నాకు కళ్ళు చెమర్చాయి. నిజంగానే. ఆవిడకు నేను కనిపించానని.

"బొబ్బిలి దగ్గర మా చెల్లెలి మనవడున్నాడు. బళ్ళో మేష్టరు. ఆదివారాలు వాక్యం చెప్తాడు, మంచి పిల్లడు. ఆ సంబంధం ఈ పిల్లకి కుదరాలని ప్రార్థన చేద్దాం. రాసుకోమ్మా."

నేను రాశాను. ఇప్పటికీ ఇది నాకు అర్థం కాదు. చెయ్యి ఆగలేదు. ఎవరి కోసం అన్న గడిలో నా పేరు, ఏమిటి అన్న గడిలో ఆ సంబంధం, మూడో గడిలో మామ్మగారు. పొల్లు కూడా తప్పు పోలేదు.

"చూసేరా, పెళ్ళికూతురే శుభలేఖ రాసీసుకుంటంది," అని ఒక అంకుల్ అన్నారు. అందరితోపాటు అమ్మ కూడా నవ్వింది.

ఆ తర్వాత నాన్న ఫారం సంగతి ఎత్తలేదు. నేనే అడిగాను. ఆయన సైకిల్ చైనుకు నూనె వేస్తున్నారు. "కూటంలో పెట్టేసేరు కదమ్మా. దానికి జవాబు రాకుండా మనం ఇంకో దారి పడితే ఎలాగుంటాది?" అన్నారు. కోప్పడలేదు. కోప్పడితే ఏడ్చి ఉండేదాన్ని. ఏడిస్తే ఏమైనా జరిగేదేమో.

అమ్మను వంటింట్లో పట్టుకున్నాను. "ఈ శుక్రవారం నువ్వు నాకోసం రాయపూర్ సంగతి అడుగమ్మా."

"మామ్మగారు ఒకటి అడిగేక నేనింకోటి ఎలా అడగనే? ఆవిడకి ఎదురు ప్రార్థనా?" అమ్మ వంకాయలు కోస్తోంది. "అయినా నువ్వు అడగమంటే నేనడిగితే, అది నీకోసం నువ్వడిగినట్టే గదా."

నియమం ప్రకారం అమ్మే కరెక్టు.

శుక్రవారాలు గడిచాయి. ప్రతివారం ఆ విన్నపాన్ని నేనే పైకి చదివాను. బయటికి వెళితే మనుషులు ఆపి మరీ చెప్పేవారు. పాల బూత్ దగ్గర ఒక ఆంటీ, "నీ గురించి రోజూ ప్రార్థన చేస్తన్నామమ్మా," అంది నా గడ్డం పట్టుకుని. పవర్ హౌస్ మార్కెట్లో దారాల కొట్టు ముందు ఇంకొకావిడ, "బొబ్బిలి నుంచి కబురొచ్చిందా?" అని అడిగింది. వాళ్ళ ముఖాల్లో ఎక్కడా చెడు లేదు. అందరూ నా మంచి కోరేవాళ్ళే. అందుకే ఎటు తిరగాలో తెలిసేది కాదు. ఎవరినైనా తోసుకుని బయటపడదామంటే తోయడానికి ఒక్క శత్రువు లేడు. అప్పుడు పిన్ని తల వంచుకుని కూర్చున్న శుక్రవారం నాకు పూర్తిగా అర్థమైంది.

గడువు ఇంకా వారం ఉందనగా ఎదురింటికి వెళ్ళాను. కూటంలో నాకోసం అడగమని పిన్నిని బతిమాలుకుందామని. ఆవిడ పెరటి మెట్టు మీద బియ్యం ఏరుతోంది. తీరా ఆవిడ ముందు నిలబడ్డాక, నాకోసం అడగమనే హక్కు నాకు లేదనిపించింది. ముందు అడగాల్సింది వేరే ఉంది.

"పిన్నీ, మీకు ఏం కావాలో చెప్పండి. ఈసారి మీరు చెప్పిందే ప్రార్థన చేస్తాను."

ఆవిడ చేట పక్కన పెట్టి నావైపు చూసింది. "పుస్తకంలో రాస్తావా?"

"లేదు. నాకొక్కదానికే."

"అయితే విను. ఆయనకి ఎప్పుడూ సెకండ్ షిఫ్టే పడాలని అడుగు. మధ్యాన్నం రెండింటికెళ్తే పదింటికొస్తాడు. ఆ ఎనిమిది గంటలు చాలు నాకు."

"ఇది కూడా ప్రార్థనేనా పిన్నీ?"

"నువ్వడిగేవని చెప్పేను. దేవుడు షిఫ్టులు వెయ్యడంటే మానీ." మళ్ళీ చేట అందుకుంది. "ఇద్దరికే తెలియాలి సుమా," అంది.

నా మాట అడగకుండానే ఇంటికి వచ్చేశాను. కానీ మర్నాడు మోకరించినప్పుడు, చాలా నెలల తర్వాత, ఆ ఒక్క గుమ్మం ముందు నోరు పెగిలింది. షిఫ్టు చార్టు గురించి దేవుడితో మాట్లాడుతుంటే నవ్వొచ్చింది, కొంచెం భయం కూడా వేసింది. అయినా మాట మాత్రం నిజమైనది. అది పిన్ని మాట.

ఆఖరి శుక్రవారం కూటం మా ఇంట్లోనే. సోమవారం ఫారం రాయపూర్‌లో ఇవ్వాలి. ఎదురింటి కిటికీ మూసే ఉంది, పిన్ని రాలేదు. పాట అయింది. కొత్త విన్నపాలు రాశాను. తర్వాత పాతవి చదవాలి. చదువుతూ వచ్చి నా పేరు దగ్గర ఆగిపోయాను.

"చదువమ్మా," అన్నారు మామ్మగారు.

"ఇది నేను చదవలేను మామ్మగారూ."

"చత్వారం నాకొచ్చింది గాని నీకెప్పుడొచ్చిందే?" నవ్వులు.

"అక్షరాలు కనిపిస్తున్నాయండి. ఇందులో ఉన్న మాట నాది కాదు."

"నీదెలాగవుద్ది? అడిగింది నేను. అదే గదా మన పద్ధతి."

"రాసేముందు మీరు నన్నడగలేదు."

"ఒసే," అంది అమ్మ వెనకనుంచి, మెల్లగా.

నా గొంతు నాకే వినిపించలేదు, కాని అందరికీ వినిపించినట్టుంది. నవ్వులు ఆగిపోయాయి. మామ్మగారు నన్ను చాలాసేపు చూశారు. ఆవిడ అన్యాయం చేసే మనిషి కాదు. చాప మీద అందరివైపూ తిరిగారు.

"ఈ పిల్లకోసం ఇంకేటైనా అడిగేవోళ్ళు ఉన్నారేటర్రా?"

ఫ్యాను తిరుగుతోంది. అమ్మ చాప అంచులోంచి ఒక పుల్ల లాగుతోంది. నాన్న గుమ్మం దగ్గర కూర్చుని బయట సైకిళ్ళవైపు చూస్తున్నారు. ఆరేళ్ళుగా వాళ్ళందరి నొప్పులూ, పరీక్షలూ, బదిలీలూ నాకు కంఠతా వచ్చు. నాకేం కావాలో ఆ గదిలో తెలిసినవాళ్ళు ఇద్దరే, ఆ ఇద్దరూ నోరు విప్పరు. తప్పు మిగతావాళ్ళది కూడా కాదు. వాళ్ళలో ఎవరికి నేనెప్పుడు చెప్పాను కనక.

"అయితే నేనే అడుగుతున్నాను," అన్నాను. "రాయపూర్‌లో లైబ్రరీ కోర్సు చదవాలని ఉంది. సోమవారంతో గడువు అయిపోతుంది. దానికోసం ప్రార్థన చెయ్యండి. ఇంకోటి, ఆ సంబంధం కోసం చెయ్యొద్దు."

చెప్పేశాక పుస్తకంలోకి చూస్తూ కూర్చున్నాను. చెమటకు నా వేలు తగిలి సిరా అలుక్కుపోయింది.

"తనకోసం తానే అడిగీసింది," అన్నారు శుభలేఖ అంకుల్, ఈసారి నవ్వకుండా.

మామ్మగారు తిట్టలేదు. చెంగు తలమీదికి లాక్కుని ప్రార్థన మొదలుపెట్టారు. ఎప్పటిలాగే గ్రంథపు తెలుగులో, పేరుపేరునా అందరికోసం. నా దగ్గరికి వచ్చాక, ఈ చిన్నదానిని నీ చిత్తమునకు అప్పగించుచున్నాము తండ్రీ, అని ముందుకు వెళ్ళిపోయారు. రాయపూర్ అనలేదు. బొబ్బిలి కూడా అనలేదు. ఆమేన్ అయ్యాక చెయ్యి చాచి నా ఒళ్ళోంచి పుస్తకం తీసుకున్నారు.

"నీకు బరువైపోయినట్టుంది," అని, పక్కనున్న ఇంకో అమ్మాయి ఒళ్ళో పెట్టారు.

"మామ్మగారూ, నాకు తెలుగు రాదు. హిందీలో రాయనా?" అంది ఆ అమ్మాయి బిక్కమొహం వేసి.

"రాయి. దేవుడికి హిందీ రాదేటి."

గదిలో అందరూ ఊపిరి పీల్చుకుని నవ్వారు. నేను నవ్వలేకపోయాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ పుస్తకం నుంచి బయటపడాలనుకున్నదాన్నే, తీసేసుకుంటే ఇంత దుఃఖం వస్తుందనుకోలేదు.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక నాన్న ట్రంకుపెట్టెలోంచి ఫారం తీసి బల్ల మీద పెట్టి సంతకం చేశారు. తర్వాత ఒక ఇన్‌లాండ్ కవరు తీసి, బొబ్బిలి వాళ్ళకు ఉత్తరం రాయడం మొదలుపెట్టారు.

"ఏటని రాస్తన్నారు?" అని అడిగింది అమ్మ.

"ఏడాది ఆగమని." నావైపు చూడకుండా, "కాదని రాయలేనమ్మా. మామ్మగారి మొహం చూడాల గదా," అన్నారు.

నేను ఫారం తీసుకున్నాను. ఉత్తరం గురించి ఏమీ అనలేదు. శుక్రవారం ఉన్న ధైర్యం ఆదివారానికి అయిపోయింది.

వాళ్ళు ఆగుతామని జవాబు రాశారు. తొందరేమీ లేదని, అమ్మాయి చదువుకోవడం తమకూ ఇష్టమేనని. మంచివాళ్ళు. దాంతో నా భయం ఇంకా పెరిగింది.

జూలై నుంచి రోజూ పొద్దున భిలాయి పవర్ హౌస్ స్టేషన్లో బండి ఎక్కి రాయపూర్ వెళ్తున్నాను, సాయంత్రం తిరిగొస్తున్నాను. ఇది ఈ డిసెంబరులో రాస్తున్నాను. కోర్సు సగం అయింది. శుక్రవారాలు స్టేషన్ నుంచి నేరుగా కూటానికి వెళ్తాను. నా పేరు మీది సంబంధం విన్నపం పుస్తకంలో అలాగే ఉంది. ఆ అమ్మాయి దాన్ని హిందీ అక్షరాల్లోకి ఎక్కించుకుని, నా పేరు దగ్గర గొంతు తగ్గించి చదువుతుంది. అందరూ ఆమేన్ అన్నప్పుడు నేను నోరు తెరవను.

ప్రార్థన మానలేదు. బండిలో కిటికీ పక్కన కళ్ళు మూసుకుంటే నిద్రపోతున్నాననుకుంటారు. ఇప్పుడు వీధులన్నీ తిరగను. అడిగి తెలుసుకున్న నలుగురైదుగురి దగ్గరే ఆగుతాను. గంటసేపు మోకాళ్ళ మీద ఉండటంకన్నా ఒక మనిషి దగ్గరికి వెళ్ళి మీకేం కావాలి అని అడగడం నాకు కష్టం. గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చిన రోజులే ఎక్కువ. కొందరు ఏమీ లేదంటారు. కొందరు నాకేమైందోనన్నట్టు చూస్తారు. మా వీధి చివరి తాతగారి కళ్ళ ఆపరేషన్ కోసం కూటం ఏడాదిగా ప్రార్థిస్తోంది. నేనడిగితే ఆయన, "ఆలోచించి చెప్తానమ్మా, ఎవులూ అడగలేదు ఇంతవరకు," అన్నారు. మూడు వారాల తర్వాత, హెడ్జి దగ్గర నన్ను ఆపి, తమ ఊరి చింతచిగురు పప్పు ఒక్కసారి తినాలనుందని చెప్పారు. కళ్ళ సంగతి ఎత్తనేలేదు.

మొన్న బుధవారం చలి బాగా ఉంది. అమ్మ సిగిడీ దగ్గర కూర్చుని నా టిఫిన్ డబ్బాలో రొట్టెలు సర్దుతోంది. నేను నిలబడే టీ తాగుతున్నాను. బండికి ఇరవై నిమిషాలుంది.

"ఈ శుక్రవారం," అంది అమ్మ, డబ్బాలోకి చూస్తూ, "నీకోసం నన్నేటి అడగమంటావు?"

ఆ మాట ఎవరైనా అడుగుతారని ఎన్ని తెల్లవారుజాములు ఎదురుచూశానో నాకు తెలుసు. తీరా అడిగాక గబుక్కున ఏమీ తోచలేదు. సంబంధం తప్పిపోవాలని అమ్మచేత చెప్పించలేను. అది అమ్మ నోట రాదు. అక్కడ కూర్చుని అమ్మ చెప్పగలిగినంత మాట కావాలి.

"ఇంకో ఏడాది అడుగమ్మా," అన్నాను.

అమ్మ డబ్బా మూత బిగించి, గట్టిగా ఉందో లేదో ఒకసారి ఊపి చూసి నా చేతికిచ్చింది.

"ఒక్క ఏడాదేనా?" అంది.